డబ్బా పోరడు లేని రెండో భాగం

ఇంగ్లీషు వచ్చని చెప్పుకోవడానికి ఆ రోజుల్లో ఇంగ్లీషు రానక్కర్లేదు, ఎదుట కూర్చున్నవాళ్ళకి రాకపోతే చాలు. ఆ ఒక్క అర్హత మీదే నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగం దొరికింది. తెనాలి పక్కన మా ఊళ్ళో డిగ్రీ చివరి ఏడాది ఒక పేపరు తప్పి (ఏ పేపరో మీరు ఊహించుకున్నదే, హైదరాబాదులో అడిగినవాళ్ళకి మాత్రం లెక్కలని చెప్పేవాణ్ణి) ఎల్బీనగర్ అవతల కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుంటున్న మా బాబాయి పంచన చేరాను. కొత్త కాలనీ అంటే ఏదో అనుకునేరు. నిన్నమొన్నటి దాకా అక్కడ ద్రాక్షతోటలు. తోటలు కొట్టేసి, ఎర్రమట్టి చదును చేసి, తెల్లరాళ్ళు పాతి, ఓ రేకు మీద ఏదో దేవుడి పేరు రాసి కాలనీ అన్నారు. నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి, కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది, మా బాబాయి ఇంటికి గోడలు లేచాయిగాని తలుపులు ఇంకా రాలేదు. "ఒరేయ్, ఇటుకలకి కాపలా పడుకుంటున్నావు కాబట్టి అన్నం పెడుతున్నా. మిగతా ఖర్చులు నువ్వే చూసుకో" అని మొదటిరోజే తేల్చేశాడు. మంచివాడే, కాకపోతే సిమెంటు ధర పెరిగినప్పుడల్లా నా మీద అరిచేవాడు.

నాకు ఉద్యోగం ఇచ్చినాయన్ని అందరూ సేటు అనేవాళ్ళు. మార్వాడీ ఏమీ కాదు, తుర్కయంజాల్ వైపు రైతుబిడ్డ. తాతలనాటి జొన్నచేను ప్లాట్లయిపోతే బస్‌స్టాండ్ వెనక వీడియో షాపు పెట్టాడు. టీవీ, వీసీఆర్, క్యాసెట్లు రోజు కిరాయికి ఇచ్చేవాడు. తెలుగు, హిందీ క్యాసెట్లు తిరిగి తిరిగి అరిగిపోయేవి, ఇంగ్లీషువి మాత్రం ఎవరూ ముట్టక బూజు పట్టేవి. ఆ బూజు చూసి చూసి సేటుకి ఒక ఆలోచన వచ్చింది.

"ఇంగ్లీషు ఒస్తదా?" అన్నాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి.

"వస్తుందండి."

"ఎంత ఒస్తది?"

"సినిమాకి సరిపడా వస్తుందండి."

"ఇగ చాలు. వాళ్ళేం మాట్లాడుతున్రో మందికి తెలుగుల చెప్పాలె. కూసున్నోళ్ళు లేవద్దు, గంతే."

మర్నాటికల్లా షాపు ముందు అట్ట వేలాడింది: 'ఇంగ్లీషు సినిమా కిరాయికి ఇవ్వబడును, తెలుగు చెప్పే మనిషితో సహా.' అంటే టీవీ, వీసీఆర్, వైర్ల కట్ట, ఆ తర్వాత నేను. ఆటోలో కూడా అదే వరస. టీవీకి సీటు, వీసీఆర్‌కి నా ఒళ్ళు. గుంతల రోడ్డులో ఆటో ఎగిరిపడితే సేటుకి టీవీ మీద బెంగ, నాకు నా నడుం మీద బెంగ.

ఇంతకీ తెలుగు ఎలా చెప్పేవాణ్ణంటే, టీవీ పక్కన స్టూలు వేసుకుని జనం వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. తెర మీద ఒకాయన ముఖం ఎర్రగా చేసుకుని ఇంత పొడుగు మాట్లాడతాడు. అందులో నాకు అందేవి నాలుగు మాటలు: గో, కమ్, గన్, సర్. ఆ నాలుగింటి మధ్య ఖాళీలు పూరించుకోవడమే నా పని. మిలటరీ సినిమాలు నాకు మహా అనువుగా ఉండేవి. పెద్ద ఆఫీసరు గది, గోడకి మ్యాపు, హీరో సెల్యూట్ కొట్టి ఏదో అడిగితే ఆఫీసరు బల్ల గుద్దుతాడు. "లీవు అడుగుతున్నాడు. ఇవ్వనంటున్నాడు" అనేవాణ్ణి. ఎక్కడ బల్ల గుద్దినా ఇదే మాట. పాపం, మిలటరీవాళ్ళకి లీవులివ్వరన్న సంగతి దిల్‌సుఖ్‌నగర్ నుంచి చంపాపేట్ దాకా నావల్లే తెలిసింది.

వాటిల్లో ఒక మిలటరీ సినిమా మొదటి భాగం తెగ ఆడింది. అడవిలో చిక్కుకుపోయిన దళం, కండలు తిరిగిన మేజరు, ఆఖర్న పెద్ద వంతెన పేల్చడం. ఆ దళంలో వీపున వైర్‌లెస్ సెట్టు మోసే కుర్రాడొకడున్నాడు. సినిమా మొత్తం మీద వాడు మాట్లాడేది తక్కువ, చెవికి పెట్టుకుని వినేదే ఎక్కువ. వినేవాడి నోట ఏం పెట్టినా అడిగే దిక్కు లేదు కదా, నాకు తోచిన ఛలోక్తులన్నీ వాడికి అప్పగించాను. మేజరు పొదల్లో పాక్కుంటూ పోతుంటే వాడు సెట్టులో "హలో, అమ్మా, ఇవ్వాళ ఏం కూర?" అనేవాడు. తుపాకులు మోగుతుంటే "జర ఆగుండ్రి, మా అమ్మ మాట ఇనవడ్తలేదు" అనేవాడు. (స్థానిక భాష నేర్చుకుంటున్న రోజులు, వాడికీ నేర్పాను.) జనం పడీపడీ నవ్వేవాళ్ళు. మేజర్ని ఎవరూ పట్టించుకోలేదు. "డబ్బా పోరని సిన్మ పెట్టున్రి" అని అడిగి మరీ తీసుకెళ్ళేవాళ్ళు.

అలా అడిగినవాళ్ళలో మా కాలనీ పాల పెద్దమ్మ ఒకరు. కాలనీ అవకముందు ఆ నేల సగం వాళ్ళదే. నేల పోయినా ఆవిడ బర్రెల్ని వదల్లేదు. తెల్లరాళ్ళ మధ్య మేపుకుంటూ, కొత్తిళ్ళకి పాలు పోసుకుంటూ ఉండేది. ఆవిడకి ఇద్దరు కొడుకులు, వాళ్ళ మధ్య ఒక కూతురు. పెద్దకొడుకు తల్లి దగ్గరే ఉండేవాడు, కూతుర్ని నల్లగొండ దిక్కు ఇచ్చారు. చిన్నకొడుకు మిలటరీలో వైర్‌లెస్ మనిషి. వీపున సెట్టు పెట్టుకుని నవ్వుతున్న ఫోటో టీవీ పెట్టే బల్ల పైనే వేలాడేది. ఆ ఫోటో కింద డబ్బా పోరణ్ణి చూసి పెద్దమ్మ ఏమైపోయిందో నేను చెప్పలేను. సినిమా అంటే గిట్టని మనిషి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మా చిన్నోడు గిట్లనే అంటడు. గిట్లనే!" అని ఒకటే నవ్వు. అప్పటికే ఆ అబ్బాయిని శాంతిసేనతో శ్రీలంక పంపారు. అదేమీ ఆవిడకి బెంగ కాదు. "లంకకేనట. రాముడంతటోడు పొయ్యొచ్చిండు, వీడు రాడా?" అనేది పాలు కొలుస్తూ.

తర్వాత ఉత్తరాలు రావడం ఆగింది. పెద్దమ్మ పాలు పోసినప్పుడల్లా నన్ను పట్టుకునేది. "ఇంగిలీసు పిలగా, గా వంతెన పేల్చినంక డబ్బా పోరడు ఇంటికి పొయ్యిండా లేదా? సిన్మల చూపియ్యలేదు." "రెండో భాగంలో చూపిస్తారు పెద్దమ్మా" అన్నాను ఒకసారి, నోటి దురద కొద్దీ. ఇక అప్పటినుంచి రెండో భాగం ఎప్పుడొస్తదని రోజూ అడగడమే. సేటుకి చెప్పాను. ఆయన ఆబిడ్స్‌లో ఎవరెవరినో పట్టుకుని చివరికి తెప్పించాడు.

క్యాసెట్టు వచ్చిన రోజునే, పొద్దెక్కాక, పెద్దకొడుకు షాపుకొచ్చాడు. "రెండోది ఒచ్చిందట గద. ఇప్పుడే గావాలె" అన్నాడు. కొత్త ఇంగ్లీషు క్యాసెట్టు నేను ముందు చూసి కథ అల్లుకున్నాకే ఎవరికైనా ఇవ్వడం మా షాపు పద్ధతి. సేటు ఆ మాటే అనబోయి ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు. నేను మామూలుగా వైర్ల కట్ట చంకన పెట్టుకుని ఆటో ఎక్కాను. దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనెప్పుడూ మాటకారి కాదు కనుక నాకేం అనిపించలేదు.

ఆటో దిగాక నన్ను ఇంట్లోకి కాకుండా బర్రెల కొట్టం వెనక్కి తీసుకెళ్ళాడు. వీసీఆర్ నా చేతుల్లోనే ఉంది.

"తమ్మీ, వాడు లేడు."

నాకు అర్థం కాలేదు. "ఎవరన్నా?"

"మా చిన్నోడు. పొద్దుగాల మిలటరీ జీపొచ్చింది. నేను చౌరస్తల పాలు పోస్తున్న, నన్నే అడిగిన్రు ఇల్లెక్కడని. పీనుగు గూడ రాదట. ఆడ్నే కాలవెట్టిన్రట." కొట్టం గుంజ పట్టుకున్నాడు. "అమ్మకు తెల్వదు. చెల్లెను తీస్కరానీకి జీపు పంపిన, పొద్దుగూకేసరికి ఒస్తది. ఆడివిల్ల పక్కన లేకుంట తల్లికి గిట్లాంటిది చెప్పొద్దు, మా తాన చెప్పరు. పట్టుకునేటోళ్ళుండాలె గద. కాని కాలనీల అందరికి ఎర్కైపోయింది. అమ్మ గేటు దాటిందంటే ఎవరో ఒకరు మీదపడి ఏడుస్తరు. చెల్లె ఒచ్చేదాక అమ్మను ఇంట్ల కూసోవెట్టు తమ్మీ. నీకు దండం పెడ్త. నువ్వు చెప్తుంటె లేవదు అమ్మ."

ఇరవై మూడేళ్ళ వయసు నాది. చావు ఇంటికి వెళ్ళడం అంటే మా పెద్దవాళ్ళ వెనక నిలబడటమే తెలుసు. ఇప్పుడు ఆ చావుని సాయంత్రం దాకా గుమ్మం బయట ఆపే పని నా చేతిలో పెట్టారు, అదీ వీసీఆర్‌తో పాటు. సరేనన్నాను. కాదనడానికి ఏం తోచలేదు.

లోపల కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. ఎప్పుడూ సందు దొరకని ఆ గదిలో పదిమంది ఆడవాళ్ళే గోడలకి ఆనుకుని ఉన్నారు. అందరి ముఖాలూ చూశాను. అందరికీ తెలుసు. పెద్దమ్మని ఒంటరిగా వదలకూడదని వచ్చి కూర్చున్నారు. వాళ్ళల్లో మిషన్ బడి టీచరమ్మ కూడా ఉంది. ఆవిడకి నిజంగానే ఇంగ్లీషు వచ్చు. ఆవిడ ఉన్న గదిలో నేనెప్పుడూ తెలుగు చెప్పి ఎరగను. పెద్దమ్మ ఒక్కత్తే సంబరంగా ముందర చాప మీద కూర్చుని, "రా పిలగా, ఎన్నొద్దులకు! గిప్పుడన్న వాని ఇల్లు చూపిస్తరా?" అంది. మొదటి భాగం కథ మరిచిపోయారేమో గుర్తుచేస్తానని చెప్పి, పొద్దు గడపడానికి, క్యాసెట్టు పెట్టకుండానే చాలాసేపు నోటితో చెప్పాను. వంతెన చేతులతో పేల్చి చూపించాను. పెద్దమ్మ నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

ఇక ఆపలేక క్యాసెట్టు పెట్టాను. పేర్లు పడ్డాయి. పేర్లయ్యీ కాకముందే ఒక మట్టిదిబ్బ, దాని మీద కర్రలతో కట్టిన శిలువ, శిలువకి తగిలించిన టోపీ, పక్కన నేల మీద పగిలిపోయిన వైర్‌లెస్ డబ్బా. మేజరు సెల్యూట్ కొట్టాడు. వెనక బాకా ఊదారు. అంతే, డబ్బా పోరడి పాత్ర సమాప్తం. (తర్వాత సేటు చెప్పాడు, ఆ వేషం వేసిన కుర్రాడు ఈసారి డబ్బు ఎక్కువ అడిగాడట, సినిమావాళ్ళ దగ్గర లేదట. అలా చంపేశారు.)

నా చెయ్యి వీసీఆర్ ఆపే బటన్ మీదికి వెళ్ళింది.

"ఏందిది? ఏమంటున్నడు మేజరు?" అంది పెద్దమ్మ.

"అది... అది గుడి పెద్దమ్మా. వాళ్ళ గుడి. మేజరు మొక్కుకుంటున్నాడు. డబ్బా పోరడికి లీవు దొరికింది. ఇంటికెళ్ళిపోయాడు. టోపీ ఇక్కడే వదిలేసి వెళ్ళాడు, తొందర్లో."

"డబ్బ పలిగింది గద?"

అప్పుడు వెనకనుంచి టీచరమ్మ గొంతు వినపడింది. "పాత డబ్బ అవ్వా. లీవు మీద పోయేటోనికి డబ్బెందుకు? అక్కపెండ్లికి పోయిండంటున్నరు. నాకు గూడ గట్లనే ఇనవడ్డది." ఇంగ్లీషు బాగా వచ్చిన ఆ మహాతల్లి నా తెలుగుని అలా నిలబెట్టింది. పక్కన ఇంకొకావిడ, "అవునవును, పెండ్లికే" అంది. మరొకావిడ ఇంగ్లీషు ముక్క రాకపోయినా, "మేజరు గట్లనే చెప్పిండు, నేనిన్న" అంది. గదిలో ఉన్న ఆడవాళ్ళంతా కలిసి డబ్బా పోరణ్ణి ఇంటికి పంపేశారు. పెద్దమ్మ "గట్లనా" అని చాప మీద సర్దుకుని కూర్చుంది. గండం గడిచిందనుకున్నాను.

గడిచిన గండం చిన్నదే, అసలు గండం ఆ సినిమా. అంత దరిద్రపు సినిమా నా సర్వీసులో చూడలేదు. మొదటి భాగం మేజరు లేడు, ఆ పేరుతో పొట్ట ఉన్న మరో మనిషిని పెట్టారు. "గీడెవ్వడు?" అంటే "అదే మేజరు, కాస్త ఒళ్ళు చేశాడు" అన్నాను. అడవి అని చూపించింది వరసలుగా నాటిన నీలగిరి తోట. హెలికాప్టరు ఒక్కసారి కూడా కనపడదు. మోత వినిపిస్తుంది, అందరూ పైకి చూస్తారు, ఆకులు ఊగుతాయి, అది వెళ్ళిపోయిందంటారు. మొదటి భాగంలో పేల్చిన వంతెననే మళ్ళీ పేల్చారు. ఎంత లాగినా గంటన్నరకి మించి రాని సినిమా, నేనేమో సాయంత్రం దాకా లాగాలి. వీసీఆర్ హెడ్డు తుడవాలని రెండుసార్లు ఆపాను. గీతలు పడుతున్నాయని వెనక్కి తిప్పి, చూసిన యుద్ధాన్నే మళ్ళీ వేశాను. ఎవరూ గుర్తుపట్టలేదు, ఎందుకంటే సినిమావాళ్ళు కూడా అదే పని చేస్తున్నారు. మధ్యమధ్య పెద్దకొడుకు గుమ్మంలోకి వచ్చి నా ముఖం చూసి, మళ్ళీ రోడ్డు మీదకి వెళ్ళిపోయేవాడు.

శత్రుసైనికులు కూడా ఓ ఏడెనిమిది మంది కంటే లేరు. గుబురు మీసాలవాడొకడు చెట్టు మీదనుంచి గింగిరాలు తిరుగుతూ పడి చచ్చాడు. కాసేపటికి జీపు నడుపుతూ వచ్చాడు.

"వీడు ఇందాకనే సచ్చిండు గద పిలగా?"

"వాడి తమ్ముడేమో పెద్దమ్మా."

వాడు జీపులోంచి పడి చచ్చాడు, మళ్ళీ గుడారంలోంచి కళ్ళు నలుపుకుంటూ లేచి వచ్చాడు. పెద్దమ్మ తెర వంక చూస్తూ, "వీళ్ళకు మంచిగున్నది. సచ్చినా మల్లొస్తున్రు" అంది. గోడవారగా ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. దగ్గొచ్చిందని నేనే చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.

అంతలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోతే అందరం తిట్టేవాళ్ళం. నేను మాత్రం దణ్ణం పెట్టుకున్నాను. ఉక్కపోతకి ఒక్కొక్కరే వరండాలోకి వెళ్ళారు. నిజానికి వాళ్ళు ఏడవడానికి వెళ్ళారు. గదిలో పెద్దమ్మ, నేను మిగిలాం. కిటికీ దుప్పటి పక్కకి జరపబోయాను.

"ఉండనీ" అంది. "ఇంగిలీసు పిలగా" అంది.

"ఆఁ పెద్దమ్మా."

"డబ్బా పోరడు లీవు మీద పోలే. సచ్చిపోయిండు."

నా చేతిలో వైరు ఉంది, దాన్నే చుట్టసాగాను. "అబ్బే, లేదు పెద్దమ్మా..."

"చంపాపేట తొవ్వల కిరస్తానోళ్ళ బొందలగడ్డ పక్కపొంటే ఇన్నేండ్లు పాలు మోసిన. శిలువెందుకు పాతుతరో నాకు తెల్వదా?"

"సినిమాయే కదా పెద్దమ్మా. మీరు బాధపడతారని ఏదో..."

"నేను గూడ గదే అంటున్న. సిన్మనే గద. సిన్మల పోరడు సచ్చిపోతే సచ్చిండని చెప్పొచ్చు. నువ్వు దాచినవ్. ఎన్నడు అబద్ధమాడని టీచరమ్మ దాచింది. ఇంగిలీసు రానోళ్ళు గూడ గొంతు కలిపిన్రు. ఇంతమంది ఒక్కటై దాస్తున్రంటే గది సిన్మ పోరని గురించి గాదు, బిడ్డా."

తల దించుకున్నాను. ఆవిడ గోడ మీద ఫోటో వైపు చూడలేదు. చాప అంచు వేళ్ళతో పీకుతూ, "చెల్లె కోసం చూస్తున్నడా పెద్దోడు?" అంది.

తలూపాను.

"చూడనీ. తమ్మునికి వాడింకేం చెయ్యలేడు, గిదొక్కటి చేస్తున్నడు. నేనిప్పుడు ఏడిస్తే వాడు రోడ్డు మీదనే కూలవడ్తడు. బిడ్డ రానీ." కళ్ళు తుడుచుకుంది, ఒక్కసారే, గట్టిగా. "కరెంటొస్తే నువ్వు చెప్పు. ఆపకు. నేను ఇనుకుంట కూసుంట."

కరెంటొచ్చింది. ఆడవాళ్ళు వచ్చి ఎవరి గోడ దగ్గర వాళ్ళు కూర్చున్నారు. పెద్దకొడుకు మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. తెర మీద మేజరు మ్యాపు ముందు ఏదో అరుస్తున్నాడు. నా జీవితంలో అంత కష్టంగా తెలుగు ఎప్పుడూ మాట్లాడలేదు. ఏం చెప్పానో గుర్తులేదు, గొంతు మాత్రం ఆపలేదు. నేను తడబడినచోటల్లా పెద్దమ్మే అందుకుంది. "గీడు లీవు అడుగుతున్నడా? ఇయ్యనంటున్నడా?" అని పాత మాటలే అడిగింది. కొడుకు గుమ్మంలో ఉన్నాడని తెలిసి కాస్త గొంతు పెంచి అంది:

"డబ్బా పోరడు లీవుకెల్లి మల్లెప్పుడొస్తడు పిలగా?"

అందరూ నావైపు చూశారు. ఆవిడ ఒక్కత్తే తెర వైపు చూస్తోంది.

"మూడో భాగంలో వస్తాడు పెద్దమ్మా" అన్నాను.

"మంచిది. రానీ" అంది.

జీపు వచ్చిన చప్పుడైంది. కూతురు చెప్పులైనా విడవకుండా గడప దాటింది. పెద్దమ్మ లేచి రెండు చేతులూ చాచింది. అప్పుడు వినపడిన ఏడుపు గురించి రాయను. పెద్దకొడుకు తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు, అందరూ మీదపడి పట్టుకున్నారు. ఎవరికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు, టీవీ మాత్రం ఆడుతూనే ఉంది. మేజరు ఇంకో వంతెన వైపు నడుస్తున్నాడు. టీచరమ్మ వచ్చి ప్లగ్గు పీకింది.

షాపుకొస్తే సేటు అన్నీ విన్నాడు, కిరాయి మాట ఎత్తలేదు. చివరికి, "రెండోది ఎట్లున్నది?" అని మాత్రం అడిగాడు, ఏదో ఒకటి అడగాలని. "బాలేదండి" అన్నాను. ఆ క్యాసెట్టు నేను మళ్ళీ ఎక్కడా చెప్పలేదు. ఎవరైనా అడిగితే బూజు పట్టిందనేవాణ్ణి.

చిన్నకొడుకు కర్మకాండలయ్యాక పెద్దమ్మ మళ్ళీ పాలు పోసింది. మా బాబాయి ఇంటికి తలుపులు వచ్చాయి, నాకు వేరే ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, నేనూ ఆ కాలనీలోనే ఓ మూల స్థలంలో ఇల్లు వేసుకున్నాను. ఏ పొద్దున ఎదురుపడినా ఆవిడ గిన్నెలో పాలు వంచుతూ అడిగేది. "ఏం పిలగా, మూడో భాగం ఒచ్చిందా?" "ఇంకా రాలేదు పెద్దమ్మా." "ఒస్తే చెప్పు." అంతే. ఇద్దరం ఇంకేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. బర్రెల్ని అమ్మేసి మంచాన పడ్డాక చూడటానికి వెళితే కూడా అదే అడిగింది. నేనూ అదే చెప్పాను.

ఇప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు సినిమా పెడితే మాటలన్నీ కింద అక్షరాల్లో పడుతుంటాయి. నేను నోరు తెరవబోతే మనవరాలు, "తాతా, నువ్వు చెప్పకు, కింద వస్తోంది" అంటుంది. సరేనని ఊరుకుంటాను. వైర్ల కట్ట చంకన పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, చెమటలు కక్కుతూ పదిమందికి కథ చెబుతున్న ఆ బక్కపలచని కుర్రాడు గుర్తొస్తే నాలో నేనే నవ్వుకుంటాను. తనకి ఇంగ్లీషు రాదని పాపం వాడికి ముందునుంచీ తెలుసు. అబద్ధమాడటం మాత్రం బాగా వచ్చనుకునేవాడు.